సీఈ మార్కు నేనే వేసుకోవచ్చా?

జర్మనీలో ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. ఆమె అక్కడ ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు, శని ఆదివారాలు ఇంట్లో చిన్న చిన్న ఆడియో పెట్టెలు తయారు చేస్తారు. మొదటిది వాల్యూమ్ పెట్టె. అందులో ఒక పొటెన్షియోమీటరు (తిప్పితే సౌండ్ మార్చే భాగం), సాకెట్లు, వాటి మధ్య వైర్లు తప్ప ఏమీ లేవు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. కంప్యూటర్‌కీ పవర్డ్ స్పీకర్లకీ మధ్య పెట్టుకుని చేత్తో సౌండ్ తగ్గించుకోవచ్చు. రెండోది హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్. యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు తీసుకుని, లోపల ఒక చిన్న కన్వర్టర్ ఐసీతో (వోల్టేజ్ మార్చే చిప్‌తో) ప్లస్, మైనస్ సప్లై తయారు చేసుకుంటుంది. మూడోది ఇంకా ఆలోచనలోనే ఉంది, అదే యాంప్లిఫయర్‌కి బ్లూటూత్ జోడించడం.

స్నేహితులు కొందరు కొనుక్కున్నారు, బాగున్నాయన్నారు. దగ్గర్లో సంగీత పరికరాలు అమ్మే ఒక షాపాయన చూసి, "నా షాపులో పెడతాను, సీఈ కాగితాలు తీసుకురండి" అన్నాడు. సీఈ అంటే వస్తువు ఐరోపా సమాఖ్య నిబంధనలకు తగ్గట్టు ఉందని తెలిపే గుర్తు. అప్పటి నుంచి ఆమెకి టెన్షన్. మరిది "వదినా, సీఈ స్టిక్కర్లు ఆన్‌లైన్‌లో రోల్ దొరుకుతుంది, అతికించేయండి, అందరూ చేసేది అదే" అంటున్నాడట. భర్త "చట్టంతో ఆటలొద్దు, మన వీసా మీదికి వస్తుంది, ఆపేయ్" అంటున్నారట. ఒక టెస్ట్ ల్యాబ్‌ని అడిగితే వాళ్లు చెప్పిన ఖర్చు, పెట్టెలన్నీ అమ్మినా రాదు. "కరెంటే లేని పెట్టెకి ఈఎంసీ రూల్స్ (పరికరాలు ఒకదానికొకటి విద్యుత్ అంతరాయం కలిగించకూడదనే రూల్స్) వర్తించవని చదివాను. అంటే దానికి సీఈ అక్కర్లేదా? అక్కర్లేకపోయినా వేస్తే తప్పా? యాంప్లిఫయర్‌కి ల్యాబ్ తప్పదా? మార్కు లేకుండా ఇప్పటికే అమ్మినవాటిని ఏం చేయాలి? అసలు నేను ఆపేయాలా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరంలో నాకు ముందుగా నచ్చింది, ఆర్డరు చేతికొచ్చినా స్టిక్కర్ అతికించకుండా ఆగి అడగడం. ఆ జాగ్రత్త ఉన్నవాళ్లు ఈ పని చేయగలరు. కాబట్టి భయం కాస్త పక్కన పెట్టి చదవండి.

మీవారూ మీ మరిదీ ఎదురెదురు మాటలు చెబుతున్నట్టు కనిపిస్తున్నా, లోపల ఇద్దరూ ఒకటే అనుకుంటున్నారు. సీఈ అంటే ఏదో ఆఫీసు ఇచ్చే అనుమతి అని. మీ పెట్టెల్లాంటి వాటికి ఏ ఆఫీసూ సీఈ ఇవ్వదు, ల్యాబ్ కూడా ఇవ్వదు. ఇప్పుడున్న ఈఎంసీ డైరెక్టివ్ (ఐరోపా సమాఖ్య ఆదేశం) 2014/30/ఈయూ 2016 ఏప్రిల్ 20 నుంచి అమల్లో ఉంది. జర్మనీ దాన్ని ఈఎంవీజీ అనే చట్టంగా తెచ్చుకుంది. దాని ప్రకారం తయారు చేసినవాళ్లే తమ వస్తువును పరిశీలించుకుని, ఆధారాలు రాసి పెట్టుకుని, నిబంధనలకు తగ్గట్టే ఉందని ప్రకటన మీద సంతకం చేసి, మార్కు వేసుకుంటారు. నోటిఫైడ్ బాడీ, అంటే ప్రభుత్వం గుర్తించిన పరిశీలన సంస్థ, దగ్గరికి వెళ్లడం మీ ఇష్టం. మన ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ లాంటిదే ఇదీ. ముందుగా ఎవరూ పక్కన కూర్చుని నింపరు, కానీ తర్వాత అడిగితే మీరు రాసిన ప్రతి అంకెకీ కాగితం చూపించాలి. మరిది చెప్పిన స్టిక్కర్‌లో ఉన్న చిక్కు అదే. స్టిక్కర్ దొరుకుతుంది, దాని వెనక ఉండాల్సిన ఫైలు దొరకదు.

ఇప్పుడు పెట్టెల దగ్గరికి వద్దాం. మూడింటినీ ఒకే గంపలో వేసి ఆలోచిస్తున్నందువల్లే మీకు ఇంత గందరగోళంగా ఉంది.

వాల్యూమ్ పెట్టె గురించి మీరు చదివింది సరైనదే. అయితే అది సగం. వస్తువు స్వభావాన్ని బట్టే ఇతర పరికరాలకి ఇబ్బంది కలిగించలేనిది, మామూలు వాడకంలో బయటి రేడియో తరంగాల వల్ల పనిలో చెడనిది అయితే, ఈఎంసీ డైరెక్టివ్ దానికి వర్తించదు. ఐరోపా కమిషన్ ఇచ్చిన మార్గదర్శిలో దీనికి ఉదాహరణలు కూడా ఉన్నాయి. యాంప్లిఫయర్ లేని స్పీకర్లు, వైరు హెడ్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ లేని గిటార్ పికప్‌లు, కేబుళ్లు అలాంటివే. మీ పొటెన్షియోమీటరు పెట్టె వాటి పక్కన కూర్చోగలదని నా అభిప్రాయం. లోపల తరంగాలు పుట్టించే ఆసిలేటరు లేదు, ట్రాన్సిస్టరు లేదు, వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే స్విచింగ్ లేదు. ఈ మాట మీ ఫైలులో ఒక పేజీలో, సర్క్యూట్ బొమ్మతో సహా రాసి పెట్టుకోండి. "వర్తించదు" అనడానికీ ఆధారం ఉండాలి.

మిగతా సగం ఇది. సీఈ ఒక్క ఈఎంసీ కోసమే వేసే మార్కు కాదు. ప్రమాదకర పదార్థాలను పరిమితం చేసే రోహ్స్ డైరెక్టివ్ 2011/65/ఈయూ కింద కూడా సీఈ వేయాలి. అందులో ఎలక్ట్రికల్ పరికరం అన్న మాటకి అర్థం చాలా విశాలం. పని చేయడానికి విద్యుత్తు మీద ఆధారపడేది, విద్యుత్తును ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటించేది కూడా అందులోకి వస్తాయి. ఆడియో సిగ్నల్ కూడా విద్యుత్తే కదా. దాన్ని తగ్గించి ముందుకు పంపడం తప్ప ఈ పెట్టెకి వేరే పని లేదు. కాబట్టి నా దృష్టిలో మీ వాల్యూమ్ పెట్టెకి సీఈ ఉండాలి, కానీ రోహ్స్ పేరు మీద. ప్రకటనలో ఈఎంసీ పేరు రాయకూడదు. ఏ చట్టమూ అడగని వస్తువు మీద "ఉంటే మంచిదే కదా" అని సీఈ వేయడం కూడా తప్పే. అందుకే ఏ చట్టం కింద వేస్తున్నామో తెలిసి వేయాలి.

ఇక్కడ మీరు ఉత్తరంలో రాయని ఒక సంగతి అడగాలి. మీరు ఏ సోల్డర్ వాడుతున్నారు? ఇంట్లో పని చేసేవాళ్లు చాలామంది సులువుగా కరుగుతుందని 60/40 సోల్డర్ వాడతారు. అందులో సుమారు 40 శాతం సీసం. రోహ్స్ అనుమతించేది 0.1 శాతం, అదీ పెట్టె మొత్తం బరువులో కాదు, ఒక్కో పదార్థంలో విడివిడిగా. అంటే ఒక్క అతుకు చాలు, పెట్టె మొత్తం తప్పుతుంది. సీసం లేని సోల్డర్‌కి మారండి. ఐరన్ వేడి కొంచెం పెంచాలి, పాత బిట్ మార్చాలి. ఎక్కడైనా కాంతితో పనిచేసే ఎల్‌డీఆర్‌లు వాడుతుంటే వాటిలో కాడ్మియం ఉంటుంది, దాని పరిమితి ఇంకా తక్కువ, 0.01 శాతం. మిగతా భాగాలకి అమ్మినవాళ్ల దగ్గర రోహ్స్ ప్రకటనలు తీసుకుని దాచండి. పేరున్న డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఇవి సులభంగా దొరుకుతాయి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని చవక సాకెట్లకి దొరకవు. ఆ ఒక్క కారణానికైనా వాటిని మానేయడం మేలు.

ఇక యాంప్లిఫయర్. అసలు పని ఇక్కడే ఉంది.

ఈఎంసీకి రెండు వైపులుంటాయి. మీ పెట్టె గాలిలోకీ వైర్లలోకీ ఎంత విద్యుత్ గోల వదులుతోంది అన్నది ఒకటి. బయటి గోలకి అది ఎంత తట్టుకుంటోంది అన్నది రెండోది. మొదటిదానికి కారణం ఆ చిన్న కన్వర్టర్ ఐసీ. అది సెకనుకు వేలసార్లో లక్షలసార్లో ఆన్, ఆఫ్ అవుతుంది. ఆ అంచులు ఎంత పదునుగా ఉంటే, ఆ వేగానికి గుణిజాలైన తరంగాలు అంత పైకి, మెగాహెర్ట్జ్‌లలోకి వెళ్తాయి. బోర్డు చిన్నది కాబట్టి దానంతట అది పెద్దగా ప్రసారం చేయలేదు. కానీ దానికి యూఎస్‌బీ వైరు ఒకవైపు, హెడ్‌ఫోన్ వైరు ఇంకోవైపు తగిలించారు. మీటరున్నర వైరు 50 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం పొడవు ఉంటుంది, అంటే చక్కటి యాంటెన్నా. పరీక్షల్లో ఇలాంటి చిన్న పెట్టెలు తప్పేది ఎక్కువగా వైర్ల వల్లే.

రెండో వైపు చాలామంది పట్టించుకోరు. ఆప్ ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) లోపలి జంక్షన్లు బలమైన రేడియో తరంగాన్ని రెక్టిఫై చేసేస్తాయి, అంటే ఒకే దిశలోకి మార్చేస్తాయి. అప్పుడు తరంగం మీద ఉన్న పల్సులు వినపడే శబ్దంగా మారతాయి. పాత జీఎస్‌ఎం ఫోన్ పక్కన పెడితే స్పీకర్లలో వినిపించే టకటక అదే, దాని పల్సులు సెకనుకు 217. బ్యాటరీతో నడిచే శుద్ధ అనలాగ్ యాంప్లిఫయర్ అయినా సరే ఈఎంసీ డైరెక్టివ్ నుంచి బయటపడదు. మొదటి వైపు సులభంగా దాటినా రెండో వైపు ఉండనే ఉంటుంది.

ల్యాబ్ వాళ్లు మీకు చెప్పే ప్రమాణాలు ఈఎన్ 55032, ఈఎన్ 55035. మొదటిది గోల వదలడం గురించి. ఇళ్లలో వాడే క్లాస్ బి వస్తువు 10 మీటర్ల దూరంలో, 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ వరకు 30 డీబీ మైక్రోవోల్ట్ పర్ మీటర్ (రేడియో క్షేత్రం బలానికి కొలమానం) దాటకూడదు, అక్కడి నుంచి 1000 వరకు 37 దాటకూడదు. రెండోది తట్టుకోవడం గురించి. మీటరుకు 3 వోల్టుల రేడియో క్షేత్రం, ముట్టుకుంటే 4 కిలోవోల్టులు, గాలిలో 8 కిలోవోల్టుల స్టాటిక్ షాక్ లాంటివి. ఈ ప్రమాణాలు పాటిస్తే మీ వస్తువు చట్టానికి తగ్గట్టు ఉందని అధికారులు ముందుగానే అంగీకరించినట్టు. పాటించడం తప్పనిసరి కాదు. వేరే పద్ధతిలో నిరూపించుకోవచ్చు, కాకపోతే అప్పుడు నిరూపించే భారం మొత్తం మీ మీద పడుతుంది.

కాబట్టి యాంప్లిఫయర్‌కి మీ ముందు కొన్ని దారులున్నాయి. పూర్తి ల్యాబ్ పరీక్ష చేయిస్తే గట్టి రిపోర్టు చేతిలో ఉంటుంది. డబ్బు ఎక్కువ, పైగా మొదటిసారి తప్పితే మళ్లీ కట్టాలి. ఇప్పుడున్న డిజైన్‌తో నేరుగా అక్కడికి వెళ్లడం నాకు సమ్మతం కాదు. రెండో దారి, ముందు ఇంట్లో సరిచేసుకుని, తర్వాత ల్యాబ్‌లో సగం రోజు ప్రీ కంప్లయన్స్ (అసలు పరీక్షకి ముందు చేసే) కొలతకి మాత్రమే డబ్బు కట్టడం. చాలా ల్యాబులు ఈ సౌకర్యం ఇస్తాయి, మీరే పక్కన ఉండి వైరుకి గోలను అణచే ఫెర్రైట్ ముక్క తగిలించి తేడా చూసుకోవచ్చు. మూడోది, కొలతలు బయట చేయించకుండా మీ ఇంజనీరింగ్ వివరణ, ఇంటి పరీక్షల మీదే ప్రకటన ఇవ్వడం. చట్టం దీన్ని కాదనదు. కానీ జర్మనీలో బుండెస్‌నెట్స్అగెన్‌టూర్ అనే సంస్థ షాపుల నుంచీ ఆన్‌లైన్ నుంచీ వస్తువులు తెప్పించుకుని కొలుస్తుంది. వాళ్ల కొలతలో తప్పితే మీ వివరణ నిలవదు, అమ్మకం ఆపించగలరు. స్విచింగ్ కన్వర్టర్ లోపల పెట్టుకుని ఈ మూడో దారిలో వెళ్లే ధైర్యం నేనైతే చేయను.

నేను గట్టిగా ఆలోచించమనేది ఇంకొకటుంది. ఆ కన్వర్టర్‌నే తీసేయండి. 5 వోల్టుల మధ్యలో 2.5 వోల్టుల దగ్గర వర్చువల్ గ్రౌండ్ (సున్నాగా వాడుకునే బిందువు) పెట్టుకుంటే మామూలు హెడ్‌ఫోన్లకి చాలినంత శబ్దం వస్తుంది. ఎక్కువ ఇంపెడెన్స్ (విద్యుత్తుకి అడ్డు) ఉన్న హెడ్‌ఫోన్లకి కొంత తగ్గుతుంది, అది మీరు ఒప్పుకోవాల్సిన నష్టం. కానీ లోపల ఆసిలేటరే లేకపోతే గోల వదలడం అనే సగం దాదాపు తీరిపోతుంది, అప్పుడు మూడో దారి కూడా సమంజసంగా మారుతుంది. తట్టుకునే వైపుకి ఇన్‌పుట్ దగ్గర చిన్న రెసిస్టరు, సుమారు 100 పీకోఫారడ్ కెపాసిటర్, వైర్లు లోపలికి వచ్చే చోట ఫెర్రైట్ బీడ్లు, లోహపు పెట్టె. కేబుల్ షీల్డ్ పెట్టెలోకి వచ్చిన చోటే చాసిస్‌కి (లోహపు పెట్టెకి) కలవాలి, బోర్డు గ్రౌండ్ మీదుగా తిరిగి రాకూడదు. ఆడియో ఇంజనీర్లు పిన్ 1 సమస్య అని పిలిచేది దీన్నే. 1995లో నీల్ మన్సీ దీని గురించి వివరంగా రాశాక, 2005లో ఏఈఎస్48 అనే ప్రమాణం కూడా వచ్చింది. తర్వాత ఇంట్లో పరీక్షించండి. ఏఎం రేడియో పక్కన పెట్టి పెట్టె ఆన్ చేసి వినండి, ఫోన్‌తో కాల్ చేస్తూ వైర్ల వెంట తిప్పండి. చేతిలో పట్టే చిన్న స్పెక్ట్రమ్ అనలైజర్, ఒక లూప్ ప్రోబ్ ఉంటే ఇంకా మేలు. మీ దగ్గర లేకపోతే రేడియో హ్యామ్‌లను (అభిరుచిగా రేడియో నడిపేవాళ్లను) అడగండి, ఇలాంటి సమస్య తీసుకెళ్తే ఉత్సాహంగా సాయం చేసేవాళ్లు వాళ్లలో చాలామంది. ప్రతి పరీక్షకీ ఫోటో తీసి, తేదీ వేసి ఫైలులో పెట్టండి.

"నేను వాడేవన్నీ సీఈ ఉన్న భాగాలే" అని ఉత్తరం చివర రాశారు. దాని మీద ఆధారపడకండి. సీఈ ఉన్న అడాప్టరు, సీఈ ఉన్న మాడ్యూలు కలిపినంత మాత్రాన మొత్తం పెట్టె సరైనది అయిపోదు. మొత్తాన్ని చూసుకునే బాధ్యత మీదే. అడాప్టరు మీరు అమ్మకండి, కొనుక్కున్నవాళ్లే తమది వాడుకుంటారు.

5 వోల్టులే కాబట్టి లో వోల్టేజ్ డైరెక్టివ్ వర్తించదు, అది ఏసీ అయితే 50, డీసీ అయితే 75 వోల్టుల నుంచి మొదలవుతుంది. అంతమాత్రాన భద్రత గురించి ఎవరూ అడగరని కాదు. 2024 డిసెంబర్ 13 నుంచి అమల్లోకి వచ్చిన సాధారణ ఉత్పత్తి భద్రతా నియమం 2023/988 వినియోగదారుల వస్తువులన్నిటినీ చూస్తుంది. హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌లో పెద్ద ప్రమాదం చెవులకే. ఆన్ చేసినప్పుడు గట్టిగా టప్ మనకుండా చూడండి, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) అవసరానికి మించి పెట్టకండి, ఈ రెండూ రిస్క్ విశ్లేషణలో రాయండి.

బ్లూటూత్ మాట ఇప్పటికి పక్కన పెట్టమంటాను. రేడియో లోపలికి రాగానే వస్తువు ఈఎంసీ డైరెక్టివ్ నుంచి రేడియో పరికరాల డైరెక్టివ్ 2014/53/ఈయూ కిందికి మారుతుంది. వోల్టేజ్ ఎంత తక్కువైనా భద్రత కూడా అందులోకే వస్తుంది. రెడీమేడ్ మాడ్యూల్ రిపోర్టులు కొంత సాయపడతాయి గానీ పూర్తి పెట్టెకి సరిపోవు.

కాగితాల పని మీరు ఊహించుకున్నంత లేదు. వస్తువు వర్ణన, సర్క్యూట్, బోర్డు బొమ్మ, భాగాల జాబితా, రోహ్స్ ప్రకటనలు, రిస్క్ విశ్లేషణ, పరీక్షల ఫలితాలు. వీటి మీద ఒక్కో వస్తువుకి ఒకే ప్రకటన, వర్తించే చట్టాలన్నీ అందులోనే. చివరి పెట్టె అమ్మిన తర్వాత 10 ఏళ్లు దాచాలి. పెట్టె మీద కనీసం 5 మిల్లీమీటర్ల ఎత్తు సీఈ, మోడల్ లేదా సీరియల్ నంబరు, మీ పేరు, పోస్టల్ అడ్రసు, జర్మన్‌లో వాడే విధానం. సీఈ అక్షరాలను అధికారిక బొమ్మ నుంచే తీసుకోండి. అక్షరాలు దగ్గరగా ఉంటే "చైనా ఎక్స్‌పోర్ట్" అని వేరే మార్కు ఉందని మీ మరిది నమ్ముతున్నట్టు రాశారు. అలాంటి అధికారిక మార్కేదీ లేదు, కొలత తప్పిన సీఈ తప్పుగా వేసిన సీఈ అవుతుంది, అంతే.

షాపాయన అడగని విషయం ఒకటుంది, నా లెక్కలో డబ్బు పరంగా మీకు ఎక్కువ బరువు అదే కావచ్చు. జర్మనీలో ఎలక్ట్రికల్ వస్తువును అమ్మకానికి పెట్టే ముందే, ఎలక్ట్రికల్ వ్యర్థాల బాధ్యత కోసం నమోదు చూసే స్టిఫ్టుంగ్ ఈఏఆర్ అనే సంస్థ దగ్గర తయారీదారుగా నమోదు కావాలి. ఇళ్లకి అమ్మే వస్తువులైతే వ్యర్థాల ఖర్చుకి ఆర్థిక గ్యారంటీ కూడా చూపించాలి. పెట్టె మీద కొట్టివేసిన చెత్తబుట్ట గుర్తు ఉండాలి. 2019 మే 1 నుంచి కరెంటును కేవలం దాటించే పాసివ్ వస్తువులు కూడా ఇందులోకి వచ్చాయి, అంటే మీ వాల్యూమ్ పెట్టె కూడా. నమోదు లేకుండా అమ్మితే జరిమానా లక్ష యూరోల దాకా వెళ్లవచ్చు, నమోదు కాని వస్తువును షాపు కూడా అమ్మకూడదు. ప్యాకింగ్ కోసం లూసిడ్ అనే రిజిస్టర్‌లో నమోదు వేరే. ఈ ఖర్చులు ఏటా కొద్ది పెట్టెల మీద పంచుకుంటే ధర ఎంతవుతుందో ముందు లెక్క వేయండి. ఈఎంసీ ఖర్చు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

లెక్క కుదరకపోతే ఆపేయడం ఒక్కటే మార్గం కాదు. ఇప్పటికే నమోదైన ఒక చిన్న తయారీదారుకి డిజైన్ ఇచ్చి, వాళ్ల పేరు మీద తయారు చేయించవచ్చు. ఎవరి పేరు మీద మార్కెట్లోకి వస్తుందో చట్టం దృష్టిలో వాళ్లే తయారీదారు. మీకు రాయల్టీ వస్తుంది, పెట్టె మీద మీ పేరు ఉండకపోవచ్చు. సర్క్యూట్, బోర్డు బొమ్మలు ప్రచురించి ఎవరికి వారు చేసుకోనివ్వడం ఇంకో దారి, అందులో డబ్బు తక్కువ. భాగాలన్నీ కిట్‌గా కట్టి అమ్మితే తప్పించుకోవచ్చని మాత్రం ఎవరైనా చెబితే వినకండి. కొన్నవాళ్లే బిగించుకునే భాగాలను కూడా ఈఎంసీ చట్టం పూర్తి పరికరంగానే చూస్తుంది. మినహాయింపు ఉన్నది రేడియో హ్యామ్‌లకీ పరిశోధనా సంస్థలకీ.

స్నేహితులకి అమ్మినవి దాచుకోవాల్సిన నేరం కాదు, కానీ వదిలేయాల్సినవీ కాదు. వెనక్కి స్టిక్కర్లు పంపించే ఆలోచన చేయకండి, మార్కు అమ్మే ముందే వేయాలి. అందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పండి. యాంప్లిఫయర్లు తెప్పించుకుని కొత్త డిజైన్‌తో మార్చి ఇవ్వండి, లేదా డబ్బు వెనక్కి ఇవ్వండి. ఆ పని అయ్యేదాకా కొత్తవి అమ్మకండి.

మీవారి భయంలో ఒక ముక్క పూర్తిగా నిజం. అది సీఈ గురించి కాదు. ఉద్యోగం మీద వచ్చిన రెసిడెన్స్ పర్మిట్‌తో సొంత వ్యాపారం చేయాలంటే చాలామందికి విదేశీయుల ఆఫీసు అనుమతి కావాలి. మీ ఉద్యోగ ఒప్పందంలో పక్క పని గురించి ఏముందో కూడా చూడాలి. దాని తర్వాతే వ్యాపార నమోదు. కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ముందు పర్మిట్ మీద ఏం రాసి ఉందో మీరిద్దరూ కూర్చుని చదవండి. అక్కడ అడ్డు లేకపోతే ఈఏఆర్ ఖర్చు లెక్క వేయండి. అది కుదిరితే సీసం లేని సోల్డర్‌తో వాల్యూమ్ పెట్టెను మొదట షాపులో పెట్టండి, యాంప్లిఫయర్ కొత్త బోర్డు తయారై కొలతలు అయ్యాకే రావచ్చు. షాపాయనకి ఈ మాట ఇప్పుడే చెప్పండి, వాల్యూమ్ పెట్టె ముందు, యాంప్లిఫయర్ తర్వాత అని. కాగితాలు అడిగిన మనిషి కాబట్టి ఆగుతాడనే అనుకుంటున్నాను.